ఆ నాన్ బీటీ సాళ్లు ఎందుకో ఎవరూ చెప్పలేదు

సంపాదకులకు నమస్కారం.

పత్తిలో గులాబీరంగు పురుగు ఉధృతిపై మీ జిల్లా పేజీలో వార్త చదివాను. పురుగు బీటీకి, అంటే పురుగును చంపే విషాన్ని మొక్కే తయారు చేసుకునేలా మార్చిన పత్తికి, అలవాటు పడి తట్టుకునే శక్తి పెంచుకుందని రాశారు. మా ఊళ్లో రైతులూ అదే అంటారు. బడిలో జీవశాస్త్రం చెబుతాను, ఇంట్లో పత్తి సాగూ ఉంది. అందుకే ఈ ఉత్తరం.

ఏ పురుగూ తాను బతికున్న నాలుగు వారాల్లో బీటీకి అలవాటు పడదు. మొదట వచ్చిన బీటీ పత్తిలోని విషం పురుగు పేగులోని ఒక ప్రోటీన్‌కు అతుక్కుంటేనే దాన్ని చంపుతుంది. ఎక్కడో ఒక పురుగుకు పుట్టుకతోనే ఆ ప్రోటీన్ తేడాగా ఉంటుంది, విషం అతుక్కోదు. బీటీ లేని రోజుల్లో ఆ తేడా వల్ల దానికి ఒరిగిందేమీ లేదు. 2002లో మన దేశానికి బీటీ పత్తి వచ్చి చేలన్నీ అదే అయ్యాక మిగతావి చచ్చాయి, దాని సంతానం పెరిగింది. 2006లో రెండు విషాలున్న బీజీ-2 అనే బీటీ పత్తి తెచ్చారు. పదేళ్లు తిరక్కుండానే దానికీ లొంగని పురుగులు తేలాయి. డార్విన్ చెప్పిన ప్రకృతి వరణం ఇదే. దీనికి లక్షల ఏళ్లు పడుతుందనుకునే పిల్లలకు నేను చేలో గుడ్డి పువ్వు విప్పి చూపిస్తాను. విచ్చుకోకుండా ముడుచుకుపోయిన రేకుల మధ్య సన్నటి పురుగు కదులుతుంటుంది.

శనగపచ్చ పురుగు మీద బీటీ ఇంకా చాలావరకు పని చేస్తోంది. అది కంది, శనగ, టమాటా మీదా బతుకుతుంది, అక్కడ బీటీ లేదు. గులాబీ పురుగుకు పత్తే దిక్కు. అందుకే విత్తనంతో పాటు 120 గ్రాముల నాన్ బీటీ ప్యాకెట్ ఇచ్చి, చేను చుట్టూ అయిదు సాళ్లు వేయమన్నారు. పురుగును మనమే మేపడమేంటని మా దగ్గర చాలామంది దాన్ని గట్టు మీదే పారేశారు. నిజానికి అది మేపడానికే! అక్కడ పెరిగిన మామూలు పురుగు బీటీకి లొంగని మొండి పురుగుతో జతకడితే, పిల్లలకు మొండితనం ఒక వైపు నుంచే అందుతుంది. అది అంతర్గత లక్షణం, అంటే తల్లీతండ్రీ ఇద్దరి నుంచీ అందితేనే బయటపడేది కాబట్టి ఆ పిల్లలు బీటీ కాయ తిని చస్తాయి. ఈ ముక్క రైతుకు చెప్పినవాళ్లేరీ?

అమెరికాలోని అరిజోనాలో 1996 నుంచి రైతులు నాన్ బీటీ పత్తి కొంత వేస్తూ వచ్చారు. పదేళ్లయినా పురుగు బీటీకి లొంగే ఉంది. తర్వాత సంతానం కలగని రెక్కల పురుగులను వదిలారు. 2018లో పత్తి పొలాల్లో ఆ పురుగు లేదని ఆ దేశం ప్రకటించింది. అక్కడివి పెద్ద కమతాలు, రెండెకరాల రైతుకు అయిదు సాళ్లంటే నష్టమేనన్నది ఒప్పుకోవాల్సిందే. ఇప్పుడు నాన్ బీటీ గింజలు ప్యాకెట్‌లోనే కలిపి ఇస్తున్నారు కనుక ఆ బాధ తగ్గింది.

ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలోంచి పరిణామ పాఠం తీసేసింది. కనీసం మీరైనా ఈ పురుగు వార్త వేసినప్పుడల్లా కారణం కూడా రాయండి. డిసెంబరు దాటాక కూడా కాపు కోసం చేను ఉంచితే మొండి పురుగుకు మరో తరం తిండి దొరుకుతుందని, కట్టె పీకేయాలని పక్కనే ఒక బాక్సులో వేయండి.

– జీవశాస్త్రం టీచర్, ఆదిలాబాద్ జిల్లా