ఫోను పెట్టె మీద పోర్టు వేగం కూడా అచ్చు వేయాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. అమలాపురంలో పాతికేళ్లకు పైబడి ఫొటో స్టూడియో నడుపుతున్నాను. పెద్ద కెమెరాలతో పాటు మొబైల్ ఫోన్లతోనూ 4కె వీడియో తీయడం ఇప్పుడు మా వృత్తిలో మామూలైపోయింది. మొన్న కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి కౌశిక నది దాటి వస్తున్న ప్రభలను మా కుర్రాళ్లిద్దరు చెరొక ఫోనుతో తీశారు. ఒక్కొక్క దానిలో దాదాపు 100 గిగాబైట్ల వీడియో చేరింది. రాత్రి స్టూడియోకు వచ్చి దాన్ని కంప్యూటరులోకి ఎక్కించబోతే ఒక ఫోను అయిదారు నిమిషాల్లో పని ముగించింది, రెండోది ముప్పావు గంట తీసుకుంది. ఆలస్యం చేసినది కొత్త ఫోను, పైగా ఖరీదు కూడా దానికే ఎక్కువ. రెండింటికీ ఉన్నది సీ-టైపు పిన్నే. కొన్న దుకాణంలో అడిగితే, ‘రెండూ ఒకటేనండీ, మీ కంప్యూటరు పాతదై ఉంటుంది’ అన్నారు.

రెండూ ఒకటి కావు. సీ-టైపు అనేది పిన్ను ఆకారానికి పేరు తప్ప దానిలో ప్రవహించే సమాచార వేగానికి పేరు కాదు. 2014లో రూపుదిద్దుకున్న ఈ పోర్టులో, అంటే కేబులు గుచ్చే చోటులో, తీగలు కలిసే 24 కాంటాక్టులు ఉంటాయి. వాటన్నిటినీ వాడుకుంటే సెకనుకు 40 గిగాబిట్లు, కొత్త ప్రమాణంలో అంతకు మించి కూడా పంపవచ్చు, మానిటరుకు బొమ్మను కూడా అదే దారిలో ఇవ్వవచ్చు. ఛార్జింగుకు అవసరమైనవి పోగా ఒక్క జత తీగలను మాత్రమే సమాచారానికి కలిపి మిగిలినవి వదిలేసినా, పైకి చూడటానికి అదే పిన్ను. అలా వదిలేసిన ఫోను 2000 సంవత్సరంలో వచ్చిన యూఎస్‌బీ 2.0 (పరికరాలను కేబులుతో కలిపే పాత ప్రమాణం) వేగం దగ్గరే, అంటే సెకనుకు 480 మెగాబిట్ల దగ్గరే ఆగిపోతుంది. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు కనుక అది లెక్కకు 60 మెగాబైట్లు, వాడకంలో 40 దాటడం అరుదు. (ఫైళ్లను బైట్లలోను, పోర్టు వేగాన్ని బిట్లలోను చెప్పడం సోలతో కొలిచినదాన్ని మానికలతో అప్పజెప్పడం లాంటిది, కొనేవాడి తికమకలో సగం ఇక్కడే పుడుతుంది.) అదే ఫోను లోపలి యూఎఫ్ఎస్ 3.1 నిల్వ చిప్పు మాత్రం సెకనుకు దాదాపు 2,000 మెగాబైట్లు చదివి ఇవ్వగలదు. ధవళేశ్వరం నుంచి కాలువ నిండుగా పారుతున్నా, చేలోకి వచ్చే తూము సన్నదైతే శివారు మడి ఎండుతుందని మా డెల్టా రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఫోను కొనేవాడికి మాత్రం తూము కొలత ఎవరూ చెప్పడం లేదు.

ప్రాసెసరు పేరును బట్టి పోల్చుకుందామన్నా కుదరదు. ప్రాసెసరు ఎక్కువ వేగానికి సిద్ధంగా ఉన్నప్పటికీ ఖర్చు తగ్గించడానికి పోర్టు వరకు ఆ తీగలు లాగని తయారీదారులు ఉన్నారు. ప్రాసెసరులోనే ఆ సదుపాయం లేని ఫోన్లూ ఉన్నాయి. 2023లో వచ్చిన ఐఫోన్ 15లో సీ-టైపు పోర్టు ఉన్నా వేగం 480 మెగాబిట్లే. కొత్త యూఎస్‌బీ కంట్రోలరు ఉన్న ఏ17 ప్రో చిప్పుతో అదే రోజు విడుదలైన 15 ప్రోలో అది 10 గిగాబిట్లు. వాటిని చేసే యాపిల్ సంస్థ ఈ తేడాను తన వివరాల పట్టికలో రాసింది కాబట్టి వెతికి చదివేవారికి తెలుస్తుంది. తక్కువ ధర ఫోన్ల విషయంలో ‘సీ-టైపు’ అన్న ఒక్క మాటతో సరిపెట్టడమే ఎక్కువగా చూస్తున్నాను.

కేబుల్ కథ ఇంకా విడ్డూరం. మొదట చెప్పిన వేగవంతమైన ఫోనును కూడా దాని పెట్టెలో వచ్చిన కేబులుతో కలిపితే ముప్పావు గంటే పట్టింది, ఎందుకంటే అది ఛార్జింగు కోసం ఇచ్చిన యూఎస్‌బీ 2.0 కేబులు. వేరే కేబులు మారిస్తేనే దాని అసలు వేగం తెలిసింది. పేర్లు చూసి కొందామా అంటే, 2008లో యూఎస్‌బీ 3.0గా పుట్టినది తరువాత 3.1 జెన్ 1 అయింది, ఆపైన 3.2 జెన్ 1 అయింది, వేగం మాత్రం అదే 5 గిగాబిట్లు. ఆ ప్రమాణాలను చూసే సంస్థే చివరకు 2022లో ఈ అంకెల గొడవ మాని ‘10 గిగాబిట్లు’, ‘40 గిగాబిట్లు’ అని వేగాన్నే గుర్తుగా వేయమని తయారీదారులకు సూచించింది. అయితే అది వారి ఇష్టానికి వదిలిన సూచన.

మెమరీ కార్డు ఉంటే ఈ బాధ కొంత తగ్గేది. కార్డు తీసి రీడరులో పెడితే పని అయిపోయేది. ఖరీదైన ఫోన్లలో కార్డు పెట్టే అర దాదాపు మాయమైంది. ఉన్నవాటిలో చాలావరకు రెండో సిమ్ముకూ కార్డుకూ కలిపి ఒకే చోటు, ఒకే నెట్‌వర్క్ అన్నిచోట్లా అందని లంక గ్రామాల్లో తిరిగే మాకు రెండో సిమ్ము తీసే వీలుండదు. క్లౌడులోకి పంపుకోవచ్చు కదా అనే మిత్రులకు చిన్న లెక్క చెబుతాను: సెకనుకు 20 మెగాబిట్ల అప్‌లోడు నిలకడగా దొరికినా 100 గిగాబైట్లు పంపడానికి పదకొండు గంటలు పడుతుంది.

ప్రతి ఫోనులోనూ అత్యధిక వేగం ఉండి తీరాలని నేను కోరడం లేదు. ఆ తీగలకు ఖర్చు ఉంది. యూఎస్‌బీ 3 సంకేతాలు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి అంతరాయం కలిగిస్తాయి కనుక వాటికి కవచం కట్టే శ్రమా ఉంది. మాటలకూ చెల్లింపులకూ మాత్రమే ఫోను వాడేవారు ఆ భారం మోయనక్కరలేదు. నేను కోరేది పెట్టె మీద ఒక్క అంకె. సీ-టైపుకు భారతీయ ప్రమాణాన్ని భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) 2023 జనవరిలోనే ప్రకటించింది. పొట్లాల మీద ధర, పరిమాణం, తయారీదారు చిరునామా ఉండాలని 2011 నాటి తూనికలు కొలతల నిబంధనలు చెబుతున్నాయి. ఈ రెండూ కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ పరిధిలోనివే. ఫోను, కేబులు పెట్టెల మీద సమాచార వేగం సెకనుకు ఎన్ని మెగాబైట్లో, మానిటరుకు బొమ్మ ఇస్తుందో లేదో, కార్డుకు విడిగా చోటు ఉందో లేదో అచ్చు వేయడం తప్పనిసరి చేస్తూ ఆ శాఖ నిబంధనలను సవరించాలని మీ పత్రిక ద్వారా విన్నవిస్తున్నాను. ఆ సవరణ వచ్చే లోపల దుకాణదారులు కనీసం కేబుళ్లనైనా ఛార్జింగువి వేరుగా, సమాచారానివి వేరుగా పెట్టి అమ్మితే మా బోటి వారికి ఎంతో మేలు.

భవదీయుడు,
ఒక ఫొటో స్టూడియో యజమాని,
అమలాపురం, డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా