బిడ్డ ఊపిరి లెక్కపెట్టే మనిషి బస్తీలోనే ఉండాలి

తెలంగాణ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

ప్రభుత్వ ఆసుపత్రిలో, పిల్లల వార్డులో నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. చలికాలం వచ్చిందంటే డొక్కలు ఎగరేస్తూ, పాలు తాగలేక, ఏడ్చే ఓపిక కూడా లేని పసిపిల్లలు వరసగా వచ్చేవాళ్ళు. తల్లిని అడిగితే చాలాసార్లు ఒకటే జవాబు: "జలుబే అనుకున్నాం మేడమ్, మెడికల్ షాపులో సిరప్ ఇచ్చారు." అప్పటికే మూడు నాలుగు రోజులు గడిచిపోయి ఉండేవి. అలా చేజారిపోయే ఆ మూడు నాలుగు రోజుల గురించే మీకు ఈ ఉత్తరం.

నెమ్మును, అంటే న్యుమోనియాను మొదట్లోనే పట్టుకోవడానికి ఎక్స్‌రే అక్కర్లేదండీ. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టాలి. రెండు నెలల లోపు పసికందుకు 60, ఏడాది లోపు బిడ్డకు 50, ఆపైన ఐదేళ్ల లోపు వాళ్ళకు 40. దగ్గుతో పాటు ఊపిరి ఆ అంకెకు చేరినా, దాటినా న్యుమోనియా అనుకోవాల్సిందే. రెండు నెలలు నిండని బిడ్డయినా, పాలు తాగకపోయినా, మగతగా పడి ఉన్నా, రక్తంలో ఆక్సిజన్ 90 శాతం కంటే తగ్గినా ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి పంపాలి. మిగతా పిల్లల్లో చాలామందికి డాక్టరు రాసిన మోతాదులో నీళ్ళలో కరిగే అమాక్సిసిలిన్ మాత్రలే సరిపోతాయి. ఖర్చు చాలా తక్కువ. ఆ మాత్ర రెండో రోజే అందితే ఎందరో తల్లులకు హైదరాబాద్‌లోని నీలోఫర్ పిల్లల ఆసుపత్రి దాకా పరుగెత్తే పని ఉండదు.

ఇదేమీ నా సొంత ఆలోచన కాదు. 2019లో కేంద్రం 'సాన్స్' పేరుతో మొదలుపెట్టిన కార్యక్రమంలో ఉన్నదే. వెయ్యి జననాలకు న్యుమోనియా మరణాలు 2025 నాటికి మూడు కంటే తగ్గాలని లక్ష్యం కూడా పెట్టుకున్నారు. మా బస్తీలో మాత్రం ఆశా కార్యకర్త చేతిలో రిజిస్టర్లు కనిపిస్తాయి గానీ టైమర్ కనిపించదు. వేలికి పెట్టి ఆక్సిజన్ చూసే పల్స్ ఆక్సిమీటర్ ఉన్నచోట కూడా అది పెద్దవాళ్ళ వేలికి పెట్టేదే. చంటిబిడ్డ వేలికి అది నిలవదు, నిలిచినా చూపించే అంకెను నమ్మలేం. ఇంకో మాట. కూలికి పోయిన తల్లి ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది, బస్తీ దవాఖానా అప్పటికే మూసేసి ఉంటుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అయినా రాత్రి తొమ్మిది వరకు తెరిచి ఉంచండి.

నెమ్ము తెచ్చే ఒక ముఖ్యమైన బ్యాక్టీరియా నుంచి కాపాడే న్యుమోకోకల్ టీకా 2021 నుంచి దేశమంతా ఉచితంగా ఇస్తున్నారు. ఆరు వారాలకు, పద్నాలుగు వారాలకు, తొమ్మిదో నెలలో వేయాలి. ఆ మూడో డోసు దగ్గరే కోకాపేట, నార్సింగి వైపు కట్టడాల్లో పనిచేసే కుటుంబాల పిల్లలు తప్పిపోతుంటారు. అప్పటికి మేస్త్రీ వాళ్ళను ఇంకో సైటుకు తీసుకుపోయి ఉంటాడు. టీకాల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ పోర్టల్ యూ-విన్‌లో పేరుంటే ఎక్కడైనా వేయించుకోవచ్చని ఆ తల్లికి ఎవరు చెప్పాలి? రేకుల షెడ్లలో, కట్టెల పొయ్యి పొగలో పెరిగే ఆ పిల్లలకే నెమ్ము ముప్పు ఎక్కువ. ఏఎన్ఎంలను లేబర్ క్యాంపులకే పంపి టీకాలు వేయించండి.

నవంబరు 12 ప్రపంచ న్యుమోనియా దినం. ఆ లోపు ఒక రోజు ముందుగా చెప్పకుండా ఏదో ఒక బస్తీ దవాఖానాకు వెళ్ళండి. పిల్లలకు పెట్టే ఆక్సిమీటర్ చూపించమని, ఒక బిడ్డ ఊపిరి మీ ముందే లెక్కపెట్టమని అడగండి.

ఇట్లు,
బోరబండ నుంచి ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు