ఖరారు కాని తేదీలతో అమ్మిన రగ్బీ ప్యాకేజీపై ఫిర్యాదు

లిమరిక్,
2025 మార్చి 24.

గౌరవనీయులైన మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: 2024-25 మన్‌స్టర్ రగ్బీ జట్టు కుటుంబ ప్యాకేజీలో ఫ్రాన్స్ యాత్ర, కోచ్‌తో ముఖాముఖి కార్యక్రమం జరగకపోవడం, చెల్లించిన సొమ్ము వాపసు కోరుట.

నమస్కారాలు. గత జూలైలో డబ్లిన్‌లో జరిగిన బోనాల వేడుక దగ్గర మీ ప్రతినిధులు బల్ల వేసుకుని, ఐర్లాండ్‌లో ఉన్న తెలుగు కుటుంబాల కోసమంటూ తెలుగులోనే అచ్చువేసిన కరపత్రం పంచారు. అది చూసి నేను, నా భార్య, రగ్బీ అంటే ప్రాణం పెట్టే మా అబ్బాయి పేర్ల మీద మీ ప్యాకేజీ కొన్నాను. అందులో ప్రధానంగా మూడు అంశాలు ఉన్నాయి: డిసెంబరులో కాస్త్ర జట్టుతో ఫ్రాన్స్‌లో జరిగే ఛాంపియన్స్ కప్ (ఐరోపా క్లబ్ జట్ల పోటీ) మ్యాచ్‌కు విమానం, హోటల్, టికెట్లు; క్రిస్మస్ సెలవుల్లో లిమరిక్‌లోని థోమండ్ పార్క్ మైదానంలో మరో ఐరిష్ జట్టు లెన్‌స్టర్‌తో మ్యాచ్; నవంబరులో "ప్రధాన కోచ్‌తో ఒక సాయంత్రం". వీటిలో మొదటిదీ చివరిదీ మాకు అందనే లేదు. జనవరిలో ఈ సంగతి మీ కార్యాలయానికి ఫోన్ చేసి చెప్పినప్పుడు, మ్యాచ్‌ల తేదీలు గానీ కోచ్‌ల నియామకాలు గానీ తమ చేతిలో లేవని మాత్రమే జవాబు వచ్చింది. అవి మీ చేతిలో లేవన్న సంగతి నాకూ తెలుసు. మీ చేతిలో లేనివాటిని ఖాయమైనవిగా చెప్పి సొమ్ము తీసుకున్నారన్నదే నా ఫిర్యాదు.

ముందుగా కాస్త్ర యాత్ర సంగతి. మీ కరపత్రం రెండో పేజీలో "డిసెంబర్ 14, శనివారం సాయంత్రం" అని పెద్ద అక్షరాలతో వేసి, దాని కింద శనివారం ఉదయం డబ్లిన్ నుంచి తులూజ్‌కు విమానం, అక్కడి నుంచి బస్సు, రెండు రాత్రులు హోటల్ అని వివరించారు. అసలు మ్యాచ్ జరిగింది డిసెంబర్ 13, శుక్రవారం రాత్రి. అంటే మీరు బుక్ చేసిన విమానం గాలిలోకి లేచే వేళకు ఆట ముగిసి ఒక రాత్రి గడిచిపోయి ఉంటుంది. ఈ విషయం మీరు మాకు తెలియజేసింది నవంబర్ చివరి వారంలో, వాట్సాప్ సందేశం ద్వారా. "మ్యాచ్ శుక్రవారానికి మారింది, విమాన టికెట్ల మార్పుకు మనిషికి 145 యూరోలు చెల్లించగలరు" అన్నది ఆ సందేశం. శుక్రవారం పిల్లవాడికి బడి, నా భార్యకు ఆసుపత్రిలో డ్యూటీ. అంత తక్కువ వ్యవధిలో సెలవు దొరకలేదు. మేము వెళ్లలేమని రాస్తే, ప్రయాణానికి హాజరు కాని వారికి సొమ్ము వాపసు ఉండదని మరో సందేశం పంపారు. మన్‌స్టర్ 16-14తో, రెండే పాయింట్ల తేడాతో ఓడిన ఆ మ్యాచ్‌ను మా అబ్బాయి ఇంట్లో టీవీలో చూశాడు.

ఆ మ్యాచ్ శుక్రవారానికి "మారింది" అన్న మీ మాట వాస్తవం కాదు, ఎందుకంటే అది ఏనాడూ శనివారానికి నిర్ణయమై లేదు. ఐరోపా కప్ పోటీల్లో వేసవిలో తీసే డ్రా ఎవరితో ఎవరు ఆడాలన్నది తేలుస్తుంది. ఏ వారాంతంలో, అందులో శుక్రవారమా, శనివారమా, ఆదివారమా, ఎన్ని గంటలకు అన్నది మాత్రం ప్రసార సంస్థల అవసరాలు, మైదానాల లభ్యత, జట్ల ప్రయాణాలు చూసుకుని తరువాత ప్రకటిస్తారు. ఈ పద్ధతి ఏ సంవత్సరానికి ఆ సంవత్సరం కొత్తగా పుట్టేది కాదు. రగ్బీ యాత్రలు అమ్మడమే వ్యాపారంగా పెట్టుకున్న సంస్థకు ఇది తెలియదనుకోలేను. డ్రా వెలువడిన వారంలోనే కరపత్రం పంచాలన్న తొందరలో, ముహూర్తం పెట్టకుండానే శుభలేఖలు పంచినట్లు, మీరు శనివారాన్ని ఊహించి అచ్చువేశారు. ఊహ తప్పిందనుకుందాం. నిర్వాహకులు అసలు రోజును ప్రకటించిన తరువాత డిసెంబరుకు ఇంకా నెలల సమయం ఉంది. అప్పుడే మాకు తెలియజేసి ఉంటే సెలవులు పెట్టుకునేవాళ్లం, విమానం మార్పుకు కూడా అంత ఖర్చు అయ్యేది కాదు. నవంబర్ చివరి దాకా మీరు మౌనంగా ఎందుకు ఉన్నారో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

లెన్‌స్టర్ మ్యాచ్ విషయంలోనూ ఇదే నిర్లక్ష్యం కనిపిస్తుంది గానీ, మేము ఉండేది లిమరిక్‌లోనే కనుక మాకు నష్టం కలగలేదు. 2022లోనూ 2023లోనూ ఆ మ్యాచ్ డిసెంబర్ 26న, సెయింట్ స్టీఫెన్స్ డే నాడు జరిగింది. మీరు ఆ తేదీనే తిరిగి వేశారు. 2024లో అది 27న, శుక్రవారం జరిగింది. కార్క్ నుంచి, గాల్వే నుంచి మీ బస్సు ఎక్కవలసినవారిలో కొందరు సెలవు ఒకరోజు ముందుకు పెట్టుకుని ఇబ్బంది పడ్డారని విన్నాను. ఈ మ్యాచ్ భాగమైన యునైటెడ్ రగ్బీ ఛాంపియన్‌షిప్‌లో ఐర్లాండ్, వేల్స్, స్కాట్లాండ్, ఇటలీ, దక్షిణాఫ్రికాలకు చెందిన 16 జట్లు ఒక్కొక్కటి 18 మ్యాచ్‌లు ఆడతాయి. అక్టోబరులో మన్‌స్టర్ వరుస వారాల్లో కేప్‌టౌన్‌లోనూ డర్బన్‌లోనూ ఆడి వచ్చింది. స్వదేశంలో ఆడే మ్యాచ్‌లు కూడా లిమరిక్, కార్క్ మైదానాల మధ్య పంచుకుని ఆడాలి. ఇన్ని ముడులున్న పట్టికను నిరుటి క్యాలెండర్ చూసి పూరించడం ఏ సంస్థకూ తగదు.

ఇక కోచ్ కార్యక్రమం. మీ కరపత్రం వెనుక అట్ట మీద అప్పటి మన్‌స్టర్ ప్రధాన కోచ్ గ్రాహమ్ రౌన్‌ట్రీ గారి ఫొటో వేసి, నవంబరులో ఆయనతో భోజనం, ప్రశ్నోత్తరాలు ఉంటాయని ప్రకటించి, ప్యాకేజీ ధరలో దానికి విడిగా 180 యూరోలు చూపించారు. ఆయన అక్టోబర్ 29న పరస్పర అంగీకారంతో మన్‌స్టర్ బాధ్యతల నుంచి తప్పుకున్నారు. ఇయాన్ కాస్టెలో గారు తాత్కాలికంగా ఆ స్థానంలోకి వచ్చారు. ఇందులో రౌన్‌ట్రీ గారి తప్పు గానీ జట్టు తప్పు గానీ ఉందని నేను అనడం లేదు. 2023 మే నెలలో కేప్‌టౌన్‌లో స్టార్మర్స్‌ను 19-14తో ఓడించి, పన్నెండేళ్ల తరువాత మన్‌స్టర్‌కు ఒక ట్రోఫీ తెచ్చిన కోచ్ ఆయన. అలాంటివారు కూడా సీజన్ మొదలైన కొద్ది వారాలకే వెళ్లిపోవలసి వచ్చిందంటే, ఈ పదవి ఎంత నిలకడ లేనిదో అర్థమవుతుంది. మన్‌స్టర్‌లోనే 2017 నవంబరులో రాసీ ఎరాస్మస్ వెళ్లి యోహాన్ వాన్ గ్రాన్ వచ్చింది సీజన్ మధ్యలోనే. 2024 ఫిబ్రవరిలో మరో ఐరిష్ జట్టు అల్‌స్టర్ తన కోచ్ డాన్ మెక్‌ఫార్లాండ్‌ను వదులుకున్నదీ సీజన్ మధ్యలోనే. 2015 నుంచి లెన్‌స్టర్‌లో కొనసాగుతున్న లియో కలెన్ లాంటివారు అరుదు. కాబట్టి ఒక వ్యక్తి పేరు పెట్టి నాలుగు నెలల తరువాతి విందును అమ్మేటప్పుడు, ఆయన లేకపోతే ఏం చేస్తారో కూడా అక్కడే చెప్పవలసిన బాధ్యత మీ మీద ఉంది. తాత్కాలిక కోచ్‌తోనో, జట్టు పాత ఆటగాడితోనో ఆ కార్యక్రమం జరిపి ఉంటే నేను ఈ పేరా రాసేవాణ్ణే కాదు. మీరు ఏమీ జరపలేదు, 180 యూరోలూ ఉంచుకున్నారు. అసలు ఆ సాయంత్రానికి రౌన్‌ట్రీ గారి సమ్మతి గానీ జట్టు యాజమాన్యం అనుమతి గానీ మీరు తీసుకున్నారా అన్న సందేహం నాకు ఉంది. తీసుకుని ఉంటే ఆ పత్రం ప్రతి పంపవలసిందిగా కోరుతున్నాను.

ఈ లేఖ ఇప్పుడు రాయడానికి తక్షణ కారణం మరొకటి ఉంది. ఈ నెల మొదట్లో మీ 2025-26 కరపత్రం మాకు ఈమెయిల్‌లో వచ్చింది. న్యూజీలాండ్‌లోని చీఫ్స్ జట్టు కోచ్ క్లేటన్ మెక్‌మిలన్ గారు వేసవిలో మన్‌స్టర్ ప్రధాన కోచ్‌గా వస్తారన్నది ఫిబ్రవరిలో ప్రకటించిన విషయమే. ఆయన ఇంకా అక్కడ సూపర్ రగ్బీ సీజన్ మధ్యలో ఉన్నారు. మీరు అప్పుడే ఆయన ఫొటో వేసి, ఆగస్టులో "కొత్త కోచ్‌కు స్వాగత విందు" అంటూ ముందస్తు సొమ్ము అడుగుతున్నారు. వచ్చే సీజన్ మ్యాచ్‌ల పట్టిక ఇంకా వెలువడనే లేదు గానీ మీ కరపత్రంలో తేదీలు మాత్రం ఉన్నాయి. నిరుటి కొనుగోలుదారుల ఫిర్యాదులకు జవాబు చెప్పకుండానే అదే పద్ధతిలో మళ్లీ అమ్మకాలు మొదలుపెట్టడం చూశాక మౌనంగా ఉండడం సరికాదనిపించింది.

చట్టం సంగతికి వస్తే, విమానం, హోటల్, మ్యాచ్ టికెట్ కలిపి ఒకే ధరకు అమ్మిన ఈ యాత్ర ఐరోపా సమాఖ్య 2015లో తెచ్చిన ప్యాకేజీ ప్రయాణాల నిబంధనల కిందికి వస్తుందని నా అవగాహన. ఆ నిబంధనల ప్రకారం యాత్రలోని ముఖ్యాంశంలో గణనీయమైన మార్పు వస్తే, నిర్వాహకుడు ఆ సంగతి ఆలస్యం లేకుండా తెలియజేయాలి. ప్రయాణికుడు ఏ రుసుమూ చెల్లించకుండా ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు. రద్దయిన 14 రోజుల్లోగా సొమ్ము తిరిగి ఇవ్వాలి. రగ్బీ యాత్రలో రగ్బీ మ్యాచే లేకపోవడం కంటే గణనీయమైన మార్పు మరొకటి ఉంటుందని నేను అనుకోను. మేము వెళ్లలేమని నవంబరులోనే రాతపూర్వకంగా తెలిపాము కనుక, మమ్మల్ని "హాజరు కానివారు"గా లెక్కించడం చెల్లదు.

కాబట్టి కాస్త్ర యాత్రకు చెల్లించిన 1,290 యూరోలు, కోచ్ కార్యక్రమానికి చెల్లించిన 180 యూరోలు, మొత్తం 1,470 యూరోలు ఈ లేఖ అందిన 14 రోజుల్లోగా మా ఖాతాకు తిరిగి జమ చేయవలసిందిగా కోరుతున్నాను. వచ్చే సీజన్ ప్యాకేజీలో రాయితీ కూపన్ ఇస్తామన్న మీ సిబ్బంది ప్రతిపాదన మాకు సమ్మతం కాదు. అలాగే కొత్త కరపత్రంలో ఏ తేదీలు అధికారికంగా ప్రకటించినవి, ఏవి మీ అంచనాలు అన్నది ప్రతి మ్యాచ్ పక్కనే, తేదీ ఎంత పెద్ద అక్షరాలతో ఉంటే అంత పెద్దగానే, స్పష్టంగా చూపాలి. అంతవరకు దాన్ని పంచడం ఆపాలి. గడువులోగా సొమ్ము రాకపోతే ఐర్లాండ్‌లో ప్రయాణ సంస్థలకు లైసెన్సు ఇచ్చే ఐరిష్ ఏవియేషన్ అథారిటీకి ఫిర్యాదు పంపుతాను. 2,000 యూరోల లోపు వివాదాలను చేపట్టే స్మాల్ క్లెయిమ్స్ విధానం కింద జిల్లా కోర్టు కార్యాలయంలో దరఖాస్తు చేస్తాను.

రెండు కరపత్రాల ప్రతులు, చెల్లింపు రసీదు, వాట్సాప్ సందేశాల చిత్రాలు ఈ లేఖకు జతచేశాను. దయచేసి జవాబు ఫోన్‌లో కాకుండా రాతపూర్వకంగా పంపగలరు.

భవదీయుడు,
లిమరిక్ నుంచి మీ వినియోగదారుడు