మూడు ఇటుకల ఎత్తులో అంతరిక్షం

సంపాదకులకు,

సునీతా విలియమ్స్ అంతరిక్షంలో 286 రోజులు గడిపి 2025 మార్చిలో భూమికి దిగినప్పుడు స్ట్రెచర్ మీద తీసుకెళ్లడం అందరూ చూశారు. ఇలాంటప్పుడు వచ్చే కథనాలు కండరాలు, ఎముకలు నీరసించాయని చెప్పి ఊరుకుంటాయి. నెత్తురు సంగతి, ఒంట్లో నీటి సంగతి ఎవరూ ఎత్తరు. అది చూడటానికి రాకెట్ అక్కర్లేదు, మంచం చాలు.

ఆరోగ్యంగా ఉన్నవారిని తలాపు కిందికి, కాళ్లు పైకి ఉండేలా 6 డిగ్రీల వాలులో వారాల తరబడి పడుకోబెట్టి పరిశోధకులు దీన్ని గమనిస్తుంటారు. తిండి, స్నానం, మూత్రం అన్నీ ఆ వాలులోనే. రెండు మీటర్ల మంచానికి ఆ వాలు రావాలంటే కాళ్ల దిక్కు 21 సెంటీమీటర్లు లేపాలి, అంటే దాదాపు మూడు ఇటుకలు. తుంటి విరిగి కాలికి బరువు కట్టించుకున్న ముసలివాళ్ల మంచం కింద పెట్టేవీ ఇటుకలే.

మనిషి నిలబడితే అర లీటరుకు పైనే నెత్తురు నడుము కిందికి జారుతుంది. బరువు తెలియని అంతరిక్షంలోలాగే వాలు మంచం మీద కూడా అది ఛాతీకి, ముఖానికి ఎక్కుతుంది. ముఖం ఉబ్బుతుంది, ముక్కు బిగుస్తుంది, పిక్కలు సన్నబడతాయి. గుండె పై గదులు సాగేసరికి నీరు ఎక్కువైందని శరీరం పొరబడి కిడ్నీల ద్వారా బయటికి పంపేస్తుంది. కొద్దిరోజుల్లోనే ప్లాస్మా, అంటే నెత్తురులోని నీటి భాగం, 10–15 శాతం తగ్గుతుంది. మూడు లీటర్ల ప్లాస్మా ఉన్న మనిషికి అది 300–450 మిల్లీలీటర్లు. పడుకున్నంతసేపు ఏ ఇబ్బందీ తెలియదు. లేచి నిలబడగానే గుండెకు తిరిగొచ్చే నెత్తురు చాలదు. దడదడ కొట్టుకున్నా బీపీ నిలవదు, కళ్లకు చీకట్లు కమ్ముతాయి. బీపీని కనిపెట్టి సర్దే మెడ నరాలు కూడా అప్పటికి మొద్దుబారి ఉంటాయి.

మంచం అచ్చంగా అంతరిక్షం కాదనుకోండి. వాలు మంచం మీద మొదట్లో గుండె దగ్గరి సిరల పీడనం పెరుగుతుంది. 1991లో స్పేస్ షటిల్‌లో నేరుగా కొలిస్తే అది తగ్గింది. దిగాక తల తిరగడం మాత్రం రెండింటికీ ఉంది. అందుకే షటిల్ వ్యోమగాములు దిగే ముందు 8 గ్రాముల ఉప్పు బిళ్లలు, దాదాపు 900 మిల్లీలీటర్ల నీళ్లు తీసుకునేవారు.

మన ఇళ్లలో పది రోజులు మంచం పట్టిన మనిషిని చంకల కింద చేతులేసి ఒక్కసారే లేపుతారు. పాలమూరు ఎండలకు చెమట పోయి, రాత్రి మూత్రానికి లేవాల్సి వస్తుందని నీళ్లు తాగడం మానేసినవాళ్లయితే అక్కడే సొమ్మసిల్లుతారు. ముందు పక్కకు తిప్పి, కాళ్లు కిందికి వేలాడేలా రెండు మూడు నిమిషాలు కూర్చోబెట్టాలి. పాదాలు పైకీ కిందికీ ఇరవైసార్లు ఆడించమనాలి. పిక్కలు నెత్తురును పైకి నెడతాయి. తర్వాత మంచం పట్టుకుని నిలబడాలి, అడుగు వెంటనే వేయకూడదు. లెట్రిన్‌లో గొంతుక్కూర్చుని లేచేటప్పుడు మరీ జాగ్రత్త. బీపీ మిషన్ ఉంటే అయిదు నిమిషాలు పడుకున్నాక ఒకసారి, నిలబడిన ఒకటో నిమిషంలో, మూడో నిమిషంలో చూడండి. పడుకున్నప్పటి కంటే పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే డాక్టరుకు చెప్పి, వాడుతున్న బీపీ, ప్రోస్టేట్ మాత్రలు చూపించాలి. పడిపోయిన మనిషిని కుర్చీలో కూలేసి నోట్లో నీళ్లు పోయొద్దు. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తాలి.

నీరసమనగానే గ్లూకోజ్ ఎక్కించడం మరో అలవాటు. ఉప్పు లేని ఆ ద్రవంలో నాళాల్లో చివరికి పదో వంతు కూడా మిగలదు. నోటితో ఓఆర్‌ఎస్ తాగగలిగితే అంతకంటే మేలు. గుండె, కిడ్నీ జబ్బులున్నవారు మాత్రం డాక్టరును అడగకుండా తాగకూడదు. డిశ్చార్జి కాగితం మీద 'బెడ్ రెస్ట్' అని రాసే వైద్యులు మంచం దిగే పద్ధతి కూడా రెండు ముక్కల్లో రాసివ్వాలి, తెలుగులో.

– ఫిజియాలజీ అధ్యాపకులు, మహబూబ్‌నగర్