బుజ్జమ్మకు నాన్న రాసేది

బుజ్జమ్మా,

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. వానలు పట్టుకున్నాయి, కరివేపాకు ఏపుగా వచ్చిందని మీ అమ్మ పొడి కొట్టి పెట్టింది. హైదరాబాద్ వచ్చేవాళ్లు దొరికితే పంపుతాం. ఫోన్ ఎందుకు ఎత్తడం లేదని అడగడానికి కాదులే ఈ ఉత్తరం, ఊరికే రాస్తున్నా.

మొన్న వర్ధని పిన్ని వచ్చింది. నువ్వు అమెరికాలో పైచదువులకి రాసే ఆ జీఆర్ఈ పరీక్ష తేదీ వెనక్కి జరుపుకున్నావట, హాస్టల్ గోడ నిండా పదాల చీటీలు అంటించి అర్ధరాత్రి దాకా బట్టీ పడుతున్నావట. తేదీ జరిగితే జరగనీ, డబ్బు గురించి ఆలోచించకు. ఆ బట్టీ ఒక్కటే నాకు మింగుడు పడలేదు. వ్యతిరేక పదాలు, అనాలజీలు (పదాల జంటల మధ్య పోలికలు) అడిగిన రోజుల్లో వేల పదాల జాబితా వల్లె వేశారంటే అర్థముంది. అవి 2011లోనే పోయాయి కదా. 2023 సెప్టెంబరు నుంచి వెర్బల్, అంటే ఇంగ్లిష్ భాగం, అంతా కలిపి 27 ప్రశ్నలే, అన్నీ వాక్యంలోనో పేరాలోనో పెట్టి అడిగేవే. ‘దో’ (though), ‘డిస్పైట్’ (despite) లాంటి ‘అయినా సరే’ అనే మాటలు కనపడగానే వాక్యం ఎటు తిరుగుతుందో పసిగట్టాలి.

రమణ మావయ్య సంగతి గుర్తుందా? 2022లో వాళ్ల చంటిగాడు రష్యాలో మెడిసిన్ చదువుతున్నాడు. పేపర్లో రష్యా మీద శాంక్షన్లు అని పడింది. మావయ్యకి తెలిసిన శాంక్షన్ ఒకటే, సొసైటీలో పంట లోను శాంక్షన్ కావడం. ఏవో డబ్బులు మంజూరయ్యాయి, ఇక పిల్లలకి ఢోకా లేదనుకుని అత్తయ్యకి ధైర్యం కూడా చెప్పాడు. తీరా ఫీజు కట్టబోతే పంపిన డబ్బు తిరిగొచ్చింది, వాడి కార్డు అక్కడ పనిచేయలేదు. రాత్రి పదింటికి మనింటికొచ్చి అరుగు మీద కూలబడితే, ఆ పేపరే ముందు పెట్టుకుని, ఆ మాటకి అనుమతి అనీ ఆంక్ష అనీ రెండర్థాలూ ఉన్నాయని, పక్కన ఏ మాటలున్నాయో చూస్తే తెలిసిపోతుందని వివరించింది నువ్వే. ఆ చదువు చీటీల్లో ఎక్కడ దొరుకుతుందమ్మా?

కాబట్టి పదాన్ని ఒంటరిగా పట్టుకోకు. రోడ్డు మీద పెడెస్ట్రియన్ అంటే నడిచేవాడు, ఒక పుస్తకాన్ని పెడెస్ట్రియన్ అన్నారంటే చప్పగా ఉందని. లాటిన్‌లో ‘బెనె’ మంచి, ‘వోల్’ కోరుకోవడం, అక్కడినుంచే బెనెవొలెంట్. ‘మల్’ చెడు కనుక మలెవొలెంట్ విడిగా నేర్చుకోనక్కర్లేదు. రోజూ ఒక ఇంగ్లిష్ సంపాదకీయం చదివి, తెలియని మాటకి ముందు నీ ఊహ రాసి, ఆ తర్వాతే డిక్షనరీ తెరువు. ముప్పై ఏళ్లు బళ్లో పిల్లలకి ఇదే చెప్పాను, నీకు మళ్లీ పాఠం మొదలుపెట్టానని విసుక్కోకు.

రాత్రిళ్లు మేలుకుంటే నీకు తలనొప్పి వస్తుంది, చిన్నప్పటినుంచీ అంతే. కళ్లద్దాలు మార్పించుకున్నావా? హాస్టల్లో సాంబారు పులిసిపోతే పెరుగన్నమైనా తిను. పిన్ని చెప్పింది నిజమో కాదో నాకు చెప్పకపోయినా పర్వాలేదు, పరీక్ష వద్దనుకుంటున్నావేమోనని అమ్మ ఒకటే టెన్షన్. తనకైనా ఓ మాట చెప్పు. ఆదివారం ఇద్దరం ఇంట్లోనే ఉంటాం, ఎప్పుడు చేసినా ఎత్తుతాం.

మీ నాన్న