అమ్మా, సామాన్లు సర్దకముందే చదువు

నైరోబీ, పార్క్‌లాండ్స్

అమ్మకు, నాన్నగారికి నమస్కారాలు.

మేమంతా క్షేమం. మీ అల్లుడికి ఆడిట్ రోజులు, నాకూ ఆఫీసు పని బాగానే ఉంది, అందులో రాసేందుకేమీ లేదు. బుజ్జిది రెండు పూటలా అన్నం తింటోంది, బెంగ పెట్టుకోకు. మీరు కెన్యాకి మా దగ్గరికి వచ్చేటప్పుడు ప్లాస్టిక్ కవర్ల సంగతేంటని మొన్న ఫోన్లో నువ్వడిగినవాటికి సగానికే జవాబు చెప్పాను. ఈలోగా నాన్నగారు కవర్ల మందం కొలిచే మైక్రాన్ల సంగతి ఎత్తారు, లైను కట్టయింది. అందుకే అన్నీ ఒకచోట రాస్తున్నాను. దీన్ని ప్రింటు తీయించి బీరువా తలుపుకి అంటించుకో.

ముందు నీ భయం సంగతి. చేతిలో కవరుంటే జైలుకి పంపిస్తారని పిన్ని చెప్పిందన్నావు. చట్టంలో ఆ మాట ఉంది. 2017 ఆగస్టు 28 నుంచి కెన్యాలో ప్లాస్టిక్ చేతిసంచులు తయారుచేసినా, తెప్పించుకున్నా, అమ్మినా, వాడినా నేరమే. 20 లక్షల నుంచి 40 లక్షల షిల్లింగుల దాకా జరిమానా, లేదంటే ఏడాది నుంచి నాలుగేళ్ల జైలు. మన డబ్బులో చూస్తే సుమారు 13 నుంచి 26 లక్షలు. అంకె చూసి గుండె పట్టుకోకు. పర్యావరణ సంస్థ వాళ్ళు, ఇక్కడ నేమా అంటారు, మొదట్నుంచీ గురిపెట్టింది తయారీదారుల మీద, టోకు వ్యాపారుల మీద, సరిహద్దు దాటించేవాళ్ళ మీద. కోర్టుకెళ్ళిన చిన్న వర్తకులకు పడినవి కూడా చాలావరకు వేలల్లోనే, మహా అయితే లక్ష దాటి కొంచెం. ఊరి నుంచి వచ్చిన పెద్దావిడ పెట్టెలో కవరు కనిపిస్తే తీసి అక్కడ పెట్టేయమంటారు, అంతే. అయినా అలాంటి మాట పడడం మాత్రం ఎందుకు?

ఏది పనికొస్తుందో, ఏది రాదో చెప్తాను. కంపెనీలో సీలు వేసి, తయారీదారు పేరు అచ్చయి ఉన్న ప్యాకెట్లకి ఇబ్బంది లేదు. అప్పడాల ప్యాకెట్టు, కాఫీపొడి, బిస్కట్లు, మాత్రల అట్టలు, అన్నీ తెచ్చుకోవచ్చు. సరుకు పుట్టినచోటే వేసిన ప్యాకింగును చట్టం వదిలేసింది. బ్రెడ్డు ఇక్కడ ఇప్పటికీ ప్లాస్టిక్‌లోనే వస్తుంది. పట్టుకోవడానికి చెవులున్న కవర్లు, చెవుల్లేని పల్చటి తెల్ల కవర్లు, ఈ రెండూ పనికిరావు. అంటే నువ్వు కందిపొడి పోసి కొవ్వొత్తి మంట మీద అంటిస్తావే, ఆ కవరు కూడా అందులోకే వస్తుంది. ప్లాస్టిక్ డబ్బాకి, సీసాకి ఈ నిషేధం వర్తించదు. కాబట్టి పొడులన్నీ మూతబిగువు డబ్బాల్లో పొయ్యి.

ఆవకాయ దగ్గరే తంటా. సీసా మూతికి కవరు చుట్టి రబ్బరుబ్యాండు వేసే పద్ధతి ఈసారి వద్దు. అల్యూమినియం రేకు చుడదామంటావు, కానీ ఉప్పూ పులుపూ తగిలితే రేకుకి రెండు రోజుల్లో సూదిబెజ్జాలు పడతాయి, వాటిలోంచి నూనె పాకుతుంది. మూతి మీద ముందు బటర్ పేపరు రెండు పొరలు, దాని మీద రేకు, ఆ పైన మూత బిగించు. సీసాలో పైన రెండు వేళ్ళ ఖాళీ వదులు. విమానం పైకెళ్ళినప్పుడు సీసాలో గాలి ఉబ్బుతుంది, నిండా ఉంటే ఆ గాలి నూనెని బయటికి తోస్తుంది. పైన తేలే నూనె తీసేసి, ముక్క తడిసేంత ఉంచు చాలు. ఇక్కడికొచ్చాక నువ్వులనూనె పోసి కలుపుకుందాం, మన వీధిలోని గుజరాతీ వాళ్ళ కొట్లో దొరుకుతుంది. సీసాని పాత పంచెలో నాలుగు చుట్లు చుట్టి, పెట్టె నడిమధ్యన, చుట్టూ బట్టలు కూరి పెట్టు. స్టీలు క్యారియరు మాత్రం వద్దు, గిన్నెల అతుకుల్లోంచి నూనె తప్పకుండా కారుతుంది.

చెప్పులు పాత దిండు గలీబుల్లో పెట్టు. పట్టుచీరలు ఎటూ ముతక గుడ్డలోనే చుడతావుగా. బట్టల కొట్టువాళ్ళు ఇచ్చే సంచులున్నాయే, గుడ్డలా మెత్తగా ఉండి మీద షాపు బొమ్మ వేసుంటుంది, అవి తేవద్దు. అవి గుడ్డ కాదు, పాలీప్రొపిలీన్ దారాన్ని వేడితో అదిమిన ప్లాస్టిక్కే. అనుమానమొస్తే ఒక మూల కత్తిరించి అగ్గిపుల్ల వెలిగించి చూడు. నూలుగుడ్డైతే కాలి బూడిదవుతుంది, ఇది కరిగి నల్ల పూసలా గడ్డకడుతుంది. కెన్యాలో కవర్లు పోయిన మరుక్షణం ఆ చోటు ఆక్రమించింది ఇవే. మొదట మందంగా వచ్చాయి, పది పదిహేను సార్లు వాడుకునేలా. పోటీ పెరిగేసరికి రోజురోజుకీ పల్చనైపోయి రెండోసారికే చెవి ఊడొచ్చే సరుకు దిగింది. 2019 మార్చి 31తో వాటినీ ఆపేయాలని నేమా ప్రకటించింది, వ్యాపారులు కోర్టుకెక్కారు.

విమానాశ్రయంలో డ్యూటీఫ్రీ కొట్లో ఏదైనా కొంటే ఆ సంచి దిగేచోటే వదిలేసి రావాలి. అందుకని నాన్నగారి భుజం సంచిలో మడతపెట్టిన నూలు సంచి ఒకటి ఉంచండి. కరివేపాకు మొక్క, గోంగూర విత్తనాలు కూడా వద్దమ్మా, వాటికి ముందే అనుమతి కాగితం ఉండాలి. ఇక్కడ కరివేపాకు దొరుకుతోంది, నిజంగానే దొరుకుతోంది.

చిన్నక్క వాళ్ళబ్బాయి ఎంసెట్ సంగతి ఏమైంది? ఎవరూ చెప్పరు నాకు.

నాన్నగారూ, ఇది మీకు. మన దగ్గర 120 మైక్రాన్ల కన్నా పల్చటి కవరు వద్దన్న రూలుండగా బజారు నిండా పల్చటి కవర్లే ఎందుకున్నాయి, వీళ్ళెలా ఆపగలిగారు అన్నారు. వీళ్ళూ ముందు మైక్రాన్లతోనే బోల్తాపడ్డారు. 2007లో 30 మైక్రాన్ల లోపువి వద్దన్నారు, 2011లో దాన్ని 60కి పెంచారు. రెండుసార్లూ ఏమీ కాలేదు. కారణం మీకు తెలియంది కాదు, మున్సిపాలిటీలో అన్నేళ్ళు చేశారు. 30 మైక్రాన్ల కవరుకీ 60 మైక్రాన్ల దానికీ తేడా కంటికి ఆనదు. మైక్రోమీటరు పట్టుకుని ఏ ఇన్‌స్పెక్టరు బండి బండికీ తిరుగుతాడు? కొట్టువాడు "ఇది మందందే సార్" అంటాడు, అక్కడితో ఆ తనిఖీ సరి. పల్చటి కవరు తయారీకి పడే ముడిసరుకు తక్కువ, కాబట్టి చవక. రూలు పాటించేవాడే నష్టపోతాడు.

2017లో మందం మాట తీసేసి అసలు చేతిసంచే ఉండకూడదన్నారు. ఫిబ్రవరి 28న గెజెట్ ఇచ్చి, ఆరు నెలలు గడువిచ్చారు. అప్పటి పర్యావరణ మంత్రి జూడీ వాకుంగు. తయారీదారుల సంఘం 60 వేల ఉద్యోగాలు పోతాయంది, కోర్టుకి వెళ్ళింది, కోర్టు ఆపలేదు. ఆగస్టు 8న ఎన్నికలు, 28న నిషేధం. ఓట్ల హడావుడిలో ఇది అటకెక్కుతుందని అనుకున్నవాళ్ళు చాలామందే, ఎక్కలేదు. దీనికి వెనకాల నకూరూ పట్నంలో జేమ్స్ వాకిబియా అనే ఫొటోగ్రాఫరు అక్కడి గియోటో చెత్తగుట్ట, రోడ్ల మీద ఎగిరే కవర్ల ఫొటోలు తీసి ఇంటర్నెట్‌లో ఏళ్ళ తరబడి పోరాడాడు. మంత్రి కూడా ఆ ప్రచారానికి మద్దతు పలికింది.

ఆపగలిగిన అసలు కిటుకు, నా లెక్కలో, ఇదొక్కటే. చూడగానే తెలిసిపోయే వస్తువుని నిషేధించారు, అదీ ఫ్యాక్టరీ గేటు దగ్గర. నిషేధానికి ముందు సూపర్‌మార్కెట్లు ఏడాదికి పది కోట్ల కవర్లు ఇస్తున్నాయని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం అంచనా కట్టిన దేశం ఇది. కౌంటరు దగ్గర ఇచ్చేవాడే లేకపోయాక, జనం సంచి పట్టుకెళ్ళడం వారంలో నేర్చారు. మరిచిపోతే అక్కడే డబ్బు పెట్టి కొనాలి. దేశంలో 80 శాతం మంది కవర్లు మానేశారని నేమా చెప్పుకుంది. సూపర్‌మార్కెట్ల వరకైతే నేను ఇంకా ఎక్కువే అంటాను, బజార్ల మాటకొస్తే ఒప్పుకోను.

డబ్బు మాటొచ్చింది కాబట్టి దక్షిణాఫ్రికా సంగతి చూడండి. 2003లో పల్చటివి నిషేధించి, మందం కవరుకి 46 సెంట్లు ధర పెట్టారు. మొదటి నెలల్లో వాడకం దభీమని పడింది. తర్వాత కొట్లవాళ్ళ ఒత్తిడికి ధర తగ్గింది, జనానికీ అలవాటైపోయింది, వాడకం మళ్ళీ పాకింది. ర్వాండా 2008లోనే పూర్తిగా మూసేసింది, అక్కడ సరిహద్దులోనే సామాన్లు వెతుకుతారు. ఉగాండా 2009లో చట్టమైతే చేసింది, ఫ్యాక్టరీలని మాత్రం కదపలేదు. అక్కడ తయారైన కవర్లే బుసియా, మలాబా అనే సరిహద్దు ఊళ్ళ దారిన ఇక్కడికి దొంగచాటుగా వస్తాయి. పక్కింటి తలుపు తెరిచి ఉన్నంతకాలం మన తలుపుకి ఎంత గడియ వేసినా ఒకటే కదా.

నిషేధం ఎక్కడ ఓడిందో కూడా చెప్పాలి. తడిసరుకు, కోసిన సరుకు, చిల్లర సరుకు దగ్గర ఓడింది. ఇక్కడ వీధి మూలల్లో కూరలమ్మే ఆడవాళ్ళని మామా మ్బోగా అంటారు. వాళ్ళు సుకుమా అనే ఆకుకూరని అక్కడికక్కడే సన్నగా తరిగి ఇస్తారు. తరిగిన తడి ఆకుని న్యూస్‌పేపర్లో కడితే నాలుగడుగులకే చిరుగుతుంది. కొంచెం పంచదార, కొంచెం నూనె కొనేవాడు గుడ్డసంచి తెచ్చుకుని ఏం చేసుకుంటాడు? అందుకే బల్ల కింద పల్చటి తెల్ల కవర్ల కట్ట మళ్ళీ పుట్టింది. ఇచ్చేవాళ్ళు తెలిసిన ముఖమైతేనే ఇస్తారు. ఎండుసరుకులకి కాగితం పొట్లం సరిపోయింది, మాంసం కొట్లవాళ్ళు కాగితంలో చుట్టి ఇస్తున్నారు, తడిదానికే సరైన బదులు దొరకలేదు. నన్నడిగితే చట్టం రాసినవాళ్ళు సూపర్‌మార్కెట్‌నే చూశారు, కూరలబండిని చూడలేదు.

కీబేరా లాంటి బస్తీల్లో ఇంకో చిక్కు ఉంది, అమ్మా, ఈ ముక్క నువ్వు చదవకు. మరుగుదొడ్డి లేని ఇళ్ళలో రాత్రిపూట కవర్లో పని కానిచ్చి బయటికి విసిరేయడం పాత అలవాటు. కవర్లు కరువైతే కొందరు డబ్బులిచ్చి వాడుకునే దొడ్లకి వెళ్ళారు. అర్ధరాత్రి అంతదూరం నడవలేని ఆడవాళ్ళకి మాత్రం ఆ దారీ లేదు. దొడ్లు కట్టకుండా కవరు తీసేస్తే అవసరం తీరదుగా.

కాలుష్యం తగ్గిందా అంటే, ఎగిరేది తగ్గింది. కంచెలకి, తుమ్మచెట్లకి వేలాడే కవర్లు ఇప్పుడు అరుదు. పశువులకి పెద్ద ఊరట. అంతకుముందు నైరోబీ కబేళాల్లో కొన్ని ఆవుల కడుపులో 20 దాకా కవర్లు బయటపడేవి. మన గాంధీబొమ్మ సెంటర్లో తిరిగే ఎద్దుల సంగతీ అంతే కదండీ. అది అరగదు, పేడలో పోదు, మొదటి పొట్టలో ఉండకట్టి మేతకి చోటు లేకుండా చేస్తుంది. కడుపు నిండినట్టే ఉంటుంది, పశువు చిక్కిపోతుంది. మురుగుకాల్వల్లో మాత్రం సగం మేలే. కవరు పోయినా నీళ్ళసీసాలు, షాంపూ సాచెట్లు, పిల్లల డైపర్లు ఉన్నాయి. 2024 ఏప్రిల్ వరదల్లో మథారే నది ఒడ్డు బస్తీలు మునిగాయి. ఒడ్డు ఆక్రమణలూ విపరీతమైన వానా ప్రధాన కారణాలు, చెత్తా తోడైంది. ఊరి చెత్తంతా పోసే డాండోరా గుట్ట 2001లోనే నిండిపోయిందని తేల్చారు, ఇప్పటికీ అక్కడే పోస్తున్నారు. సీసాల సంగతి 2020 జూన్ 5న మొదలుపెట్టారు, జాతీయ పార్కుల్లోకి, బీచిల్లోకి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ఏదీ తేకూడదని. మీరు సింహాలు చూస్తానన్నారుగా, అందుకు స్టీలు సీసాలు రెండు తెచ్చుకోండి.

అమ్మా, మళ్ళీ నీకే. కవర్లు లేకుండా ఇల్లెలా నడుపుతున్నావే అన్నావు. నేనేమీ అవస్థపడట్లేదు, నిజం. కొత్తిమీర వేళ్ళు కోసేసి, కడగకుండా, పొడి నూలుగుడ్డలో చుట్టి స్టీలు డబ్బాలో పెడితే వారం దాటినా కుళ్ళదు. కవర్లో అయితే చెమ్మ పట్టి మూడోనాటికే జిగురొచ్చేది. వంటింటి చెత్తకి సంచి వేయను. బకెట్టు అడుగున పేపరు పరిచి, తొక్కల మీద పొడి ఆకో పేపరు ముక్కో వేస్తే వాసన రాదు. రోజూ ఖాళీ చేసి కడిగి ఎండలో బోర్లించాలి, అంతే. 2024 నుంచి తడిచెత్తకి మామూలు ప్లాస్టిక్ సంచీ వద్దన్నారు, మట్టిలో కలిసేదే వాడాలి. దాని ధర మండిపోతోంది, నాకీ బకెట్టే హాయి.

అరూషా వెళ్దామంటున్నారు మీ అల్లుడు. టాంజానియాలో కూడా 2019 జూన్ 1 నుంచి ఇదే రూలు, ఇవే జాగ్రత్తలు.

కవర్ల కన్నా ముఖ్యమైంది ఇంకోటి. పసుపు జ్వరం టీకా. వేయించుకున్న కాగితం లేకపోతే తిరుగు ప్రయాణంలో మన విమానాశ్రయంలోనే ఆపేస్తారు. బయల్దేరడానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. హైదరాబాద్ నారాయణగూడలోని ప్రభుత్వ సంస్థ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. నాన్నగారికి అరవై దాటాయి కనుక ముందు మన డాక్టరుగారికి చూపించి, టీకా వేయొచ్చని రాయించుకు వెళ్ళండి. పాస్‌పోర్టు మరిచిపోవద్దు, దాని నంబరు ఆ కాగితంలో వేస్తారు.

వంటగది కప్పు కారడం ఆగిందా? మేస్త్రీ రాకపోతే బాబాయికి చెప్పండి, మొహమాటపడకండి. నాన్నగారి షుగర్ రిపోర్టూ, మందుల చీటీ ఫొటో తీసి పంపండి, ఇక్కడ దొరకనివి ఏవో చూసి చెప్తాను.

మీ
అమ్మాయి