పరిష్కారమైందట, సంతోషం!

ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

హెచ్‌ఐవీకి మందులిచ్చే మా ఏఆర్‌టీ సెంటర్‌లో సీడీ4 మిషన్, అంటే రక్తంలో రోగంతో పోరాడే కణాలను లెక్కపెట్టేది, ఆగిపోయింది. దాని గురించి ఇది నా నాలుగో అర్జీ. మూడోది సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చాను. వెనక క్యూలో మా వీధివాళ్లు నిలబడి ఉండగానే "ఏం జబ్బమ్మా?" అని గట్టిగా అడిగారు కౌంటర్‌లో ఆయన. ఆ మాట అలా అడగకూడదని 2017 హెచ్‌ఐవీ చట్టం ఉందని నేనే చెప్పాల్సి వచ్చింది, అదీ గొంతు తగ్గించి. తర్వాత ఫోన్‌కి మెసేజ్: మీ సమస్య పరిష్కరించబడింది. సంతోషం. మిషన్ మీద కప్పిన గుడ్డ మాత్రం అలాగే ఉంది.

మందులు మొదలుపెట్టినప్పుడు నా సీడీ4 187. తర్వాత 430 దాటింది. ఇప్పుడు దగ్గు వదలట్లేదు, ఆరు కిలోలు తగ్గాను. కళ్లె పరీక్షలో టీబీ లేదన్నారు. డాక్టరమ్మ సీడీ4 రాశారు. ల్యాబ్‌లో "కిట్లు లేవు, వచ్చే నెల రా" అంటున్నారు. ఐదు నెలలుగా అదే వచ్చే నెల.

వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంతుందో చూసే పరీక్ష, చేస్తున్నాం కదా అంటారు మీవాళ్లు. చేస్తున్నారు, కాదనను. గాదెలో ఎలకలెన్నో లెక్కపెడితే గింజలెన్ని మిగిలాయో తెలుస్తుందా అండీ? ఈ వైరస్ ముఖ్యంగా పట్టుకునేది సీడీ4 కణాలనే. ఒంట్లోకి క్రిమి వస్తే మిగతా తెల్లకణాలను లేపేవి అవే. వైరస్ లోపలికి దూరి, తన రాతను ఆ కణం డీఎన్‌ఏలో కలిపేసి, దాని చేతే తనలాంటివాటిని చేయించుకుంటుంది. కణం చస్తుంది. పక్కన వైరస్ సోకనివి కూడా ఆ గొడవలో చస్తాయి. మామూలుగా 500 పైన ఉండాల్సినవి 200 కిందికి దిగితే టీబీ, మెదడుకి పట్టే ఫంగస్ లాంటివి సులువుగా చొరబడతాయి. దిగాయో లేదో నా మొహం చూసి ఎవరు చెప్తారు?

బయట చేయించుకోమని ఒకాయన సలహా. డబ్బు సంగతి అటుంచండి, మా ఊరి ల్యాబ్‌లో రక్తం తీసేది మా ఆడపడుచు కొడుకు.

పరీక్షలు, మందులు "వీలైనంత వరకు" ప్రభుత్వమే ఇవ్వాలని చట్టంలో ఉందట. ఆ వీలు ఎప్పుడవుతుందో చెప్పండి. మిషన్ బాగుచేయించండి. కిట్లు పంపండి. లేదంటే మా రక్తం పక్క జిల్లాకైనా పంపించండి. కనీసం ఒక తేదీ చెప్పండి సార్.

ఆ మెసేజ్ మాత్రం మళ్లీ పంపకండి.

ఇట్లు,
పేరు రాయలేని ఒక పేషెంట్